తడిగుడ్డ థర్మామీటరు

ముప్ఫై ఒక్క ఏళ్ళు గోబీ అంచున
మందల్‌గోవి వాతావరణ కేంద్రంలో
గాలిలో తేమ ఎంతుందో రాయడమే నా పని.
రెండు థర్మామీటర్లు పక్కపక్కనే,
ఒకదానికి తడిగుడ్డ చొక్కా, రెండోది దిగంబరం.
రెండిటికీ ఎంత తేడా వస్తే
లోకం అంత ఎండినట్టు.
మూడు గంటలకోసారి రాసేదాన్ని:
పదిహేడు శాతం. పదిహేను. పంతొమ్మిది.
ఒక్క ఆగస్టులో, రాత్రంతా వాన కురిసిన పొద్దున
తొంభై నాలుగు అని రాస్తే
పై అధికారి ఫోన్ చేసి
పరికరం సరిచూసుకోమన్నాడు.

ఇప్పుడు దార్ఖాన్‌లో
ఐదంతస్తుల సిమెంటు భవనం అడుగున
బొగ్గు వాసన వదలని నేలమాళిగలో
నూట నలభై గడ్డి సంచులు వేలాడదీశాను.
సెలెంగె గోధుమ గడ్డి.
ఉడకబెట్టి, ఆరబెట్టి
గుప్పెడు తీసి పిడికిట్లో పిండాలి.
రెండు చుక్కలు రాలితే సరి.
ధార కారితే కుళ్ళు.
ఏమీ రాలకపోతే
అది నా పాత రిజిస్టరు.

మొదటి కాపు నా చేతులారా చెడగొట్టాను.
కరువులో పెరిగిన చెయ్యి,
పంపు తిప్పితే నీళ్ళొస్తుంటే ఆగుతుందా?
పొద్దున కొట్టాను, మధ్యాహ్నం కొట్టాను,
నిద్ర పట్టక అర్ధరాత్రి లేచి కొట్టాను.
గొడుగుల మీద పసుపు మచ్చలు లేచాయి,
ముట్టుకుంటే జిగట.

రెండో కాపుకి
తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి
ఒక్క ఆవిరి చుక్క బయటికి పోనివ్వలేదు.
కాడలు మాత్రం జానెడేసి సాగి
తలలు చొక్కా గుండీలంతే ఉండిపోయాయి.
బజారులో తుమెన్‌బాయర్ ఒకటి వేళ్ళ మధ్య తిప్పి చూసి
"దాహం కాదక్కా, ఊపిరాడలేదు" అన్నాడు.

ఊపిరి కావాలంటే తలుపు తియ్యాలి.
తలుపు అవతల సున్నాకి కింద ముప్ఫై నాలుగు.
ఆ గాలిని నేనెరుగుదును,
దాని సంచీలో ఏమీ ఉండదు.
బొటనవేలంత సందిచ్చానో లేదో
ఒంటె నాలుకతో గోడల తడంతా నాకేసింది.
తొంభై నుంచి నలభైకి,
నేను రెండు మెట్లు ఎక్కేలోపే.

ఆ సాయంత్రమే యాన్జిన్ దిగొచ్చింది
మొదటి అంతస్తు నుంచి, చేతిలో చెప్పుతో.
"నీ చిత్తడికి నా వంటింటి గోడ నల్లబడింది, వచ్చి చూడు."
వెళ్ళి చూశాను.
నల్లబడిన మాట నిజమే, చాప వెడల్పున.
అయితే మిగతా ఇల్లంతా
వేడి నీళ్ళ గొట్టాలకు పెంకులా మాడుతోంది.
ఆమె పెదాలు చిట్లి ఉన్నాయి,
శాలువా తీస్తే చిటపట నిప్పురవ్వలు.
అలవాటు పోదు కదా,
జేబులోంచి పరికరం తీశాను: పద్నాలుగు.
మూరెడు సిమెంటుకి పైన గోబీ,
కింద నా మొండి వానాకాలం.

టీ పోసింది. ఇద్దరం చాలాసేపు
ఆ గోడనే చూస్తూ కూర్చున్నాం.
మంచం కింద చుట్టచుట్టిన ఉన్ని నెమలుక ఒకటి కనిపించింది,
వాళ్ళ నాన్న గుడారం పైకప్పుది.
అడగడానికి మొహమాటపడ్డాను, అడిగాను.
"గోడకి సున్నం కొట్టిస్తేనే" అంది.

బయటి తలుపు మూసేశాను.
మెట్లదారి వైపు కిటికీ తెరిచాను,
అక్కడి గాలి అప్పటికే సగం కాగినది.
కిటికీకి అడ్డంగా ఆ ఉన్నిని వేలాడదీసి
కింది అంచు నీళ్ళ బేసినులో ముంచాను.
ముప్ఫై ఏళ్ళు థర్మామీటరుకి తొడిగిన చొక్కాయే,
ఈసారి గదికి తొడిగాను.

నీళ్ళు పైకి పాకుతాయి, గాలి లోపలికొస్తుంది,
దారిలో ఎక్కడో ఇద్దరూ కలుసుకుంటారు.
నా చేతికి పని లేదు. అదే కష్టంగా ఉంది.

రాత్రి మూడింటికి మెలకువొచ్చింది, ఎప్పటిలాగే.
టార్చి వేసి చూశాను: ఎనభై ఎనిమిది.
బూడిద రంగు చెవులు
గుత్తులు గుత్తులుగా వింటున్నాయి.
పెన్సిలు వెతికి అంకె రాశాను.
సరిచూసుకోమనడానికి ఫోన్ మోగలేదు.
పైనుంచి మాత్రం యాన్జిన్
నిద్రపట్టని మనిషి,
నేలని చెప్పుతో రెండుసార్లు కొట్టింది:
ఏమైంది, కాశాయా?
చీపురు కర్ర తీసుకుని
కప్పుని రెండుసార్లు కొట్టాను.