ఎనిమిది బయట

కెమీ రేవులో జనవరి.
ఐస్‌బ్రేకర్ కోసిన నీటిదారి
రెండు గంటల్లో మళ్ళీ అతుక్కుపోతోంది.
రెండో అంతస్తు సర్వర్ గదిలో మాత్రం నడి వేసవి.

పాత ఫైర్‌వాల్ పెట్టె వెనక
గేటు కాపలా వోయిట్టో చేతితొడుగులు ఆరేస్తాడు.
పదకొండేళ్ళుగా అదే తీగ, అవే రెండు క్లిప్పులు.
పెట్టె పాపం రొప్పుతూనే ఉంటుంది.
వచ్చిన ప్రతి ప్యాకెట్‌నీ నిలబెట్టి
ఎక్కణ్ణించి, ఎక్కడికి, ఏ పోర్టుకి అని ఆరా తీసి
వెయ్యీ ముప్పై ఒక్క నియమాల్నీ
పైనుంచి వేలు పెట్టి చదువుకుంటూ వచ్చి
అప్పుడుగాని వదలదు.
అడిగీ అడిగీ ఫ్యాన్ల గొంతు బొంగురుపోయింది.

ఈ రాత్రి ఆ పని స్విచ్‌కి అప్పజెబుతున్నాను.
స్విచ్ చదవదు.
దాని చిప్‌లో గళ్ళన్నీ ఒక్కసారే కళ్ళు తెరుస్తాయి.
ప్యాకెట్ గడప తొక్కేలోపే
ఔను. కాదు.
వేడి లేదు, ఆయాసం లేదు.

చిక్కల్లా చోటు.
గళ్ళు వెయ్యీ ఇరవై నాలుగే.
ఏడు మిగిలిపోతాయి అనుకున్నాను.
కాదు, ఎనిమిది:
మిగిలినవాటిని పెట్టె దగ్గరికి పొమ్మని చెప్పడానికీ
ఒక గడి కావాలి కదా.

ఆఖరి బస్సు కండక్టర్‌లా
జాబితా ముందు కూర్చున్నాను.
మూతపడ్డ కోతమిల్లుకి
ఇంకా తలుపు తీసి పట్టుకున్న నియమం ఒకటి.
ఒకదాన్నొకటి కప్పేసుకుని
ఎన్నడూ వెలుగు చూడని జంట ఒకటి.
ఏడింటిని తేల్చేసరికి కాఫీ చల్లారింది.

ఎనిమిదోది, నాలుగువందల పన్నెండు.
ఒకే ఒక్క చిరునామాని ఆపుతుంది.
పక్కన రౌనో రాసిపెట్టిన ముక్క:
"తాత్కాలికం. నన్నడక్కుండా తీయొద్దు."
అడుగుదామంటే రౌనో
ఇనారి సరస్సు మంచుకి కన్నం పెట్టి
గాలం వేసుకుని కూర్చున్నాడు,
ఫోను ఇంట్లో పారేసి.

లెక్క చూశాను.
పన్నెండేళ్ళు, రోజుకొక్క ప్యాకెట్,
తెల్లవారుజామున మూడూ పదికి.
నాలుగువేల పైచిలుకు సార్లు కాదనిపించుకుని
మర్నాడు మళ్ళీ అదే వేళకి.
స్విచ్‌లో వేస్తే అంకె పెరుగుతుంది, అంతే.
వచ్చిందని ఎవరికీ తెలియదు.
నేనూ చూడను.

దీన్ని పెట్టెకే వదిలాను,
కింది నియమం ఏదీ ముందే చేయిపట్టి
లోపలికి లాక్కోకుండా చూసుకుని.
ఎంటర్ నొక్కాను.

ఫ్యాన్లు ఒక్కొక్కటే దిగిపోయాయి.
గది ఇంత పెద్దదని నాకు తెలీదు.
దూరంగా మంచు పగులుతున్న చప్పుడు వినిపించింది.

మెట్లెక్కి వోయిట్టో వచ్చాడు.
పెట్టె మీద అరచెయ్యి ఆనించి
"పోయిందా?" అన్నాడు.
"లేదు, పని తగ్గింది."
"గేటుకి కెమెరా పెట్టినప్పుడు
నాకూ అదే చెప్పారు."
నవ్వాడో లేదో, మీసం మీది మంచు చాటున తెలియలేదు.

మూడూ పది.
తెర మీద ఒక్క వరస.
ఇద్దరం వంగి చూశాం.
"ఎవరు?"
"తెలీదు."
"రానివ్వరా?"
"రౌనోని అడగాలి."

కింద కలప లారీ హారన్ కొట్టింది.
తీగ మీంచి తొడుగులు తీసి పిండాడు,
బొటనవేలు దగ్గర ఇంకా తడి.
అలాగే తొడుక్కుని
గేటెత్తడానికి దిగిపోయాడు.
క్లిప్పులు మాత్రం
ఉన్నచోటే ఉంచాను.