ఇతరములు

మినిట్స్ రాయడానికి నన్ను పంపించారు.
నెల్లిమర్లకి అవతల, జీడివలస హైస్కూల్ ఆవరణ.
వేసిన కుర్చీలు నూటయాభై,
వచ్చినవాళ్ళు రెండొందల ఎనభై.
ఫారంలో గళ్ళు మాత్రం మూడే:
అనుకూలం, ప్రతికూలం, ఇతరములు.
మూడోదాని వెడల్పు నా చిటికెన వేలంత.

బెంచీలు కలిపి పటం పరిచారు.
ముప్పయ్యేళ్ళ తర్వాతి ఊరది,
నలభై వేల ఇళ్ళు, ఎనిమిది సెక్టార్లు,
ఒక్కోదానికి ఒక్కో పీచుమిఠాయి రంగు.
గాలికి ఊరు లేచిపోకుండా నాలుగు మూలలా
మైకు, నీళ్ళ సీసా, ఆఫీసరు గారి ఫోను,
నా టిఫిను క్యారేజీ.

గోగు పండించే లెంక అసిరినాయుడు ముందు లేచాడు.
వేలు నాలికకి తడిచేసుకుని పటమంతా వెతికాడు.
"మా గెడ్డేదీ?"
"అది సెంట్రల్ పార్కు అవుతుందండీ," కుర్ర ఇంజనీరు
ఆకుపచ్చని చూపించాడు.
"పారుకే బాబూ, కాదన్ను.
వానలొచ్చీనాక అది పారతాది. నడుంలోతు పారతాది.
గోగు కట్టలు అందులోనే నానేస్తాం."
ప్రతికూలం అని రాశాను.
కొట్టేశాను.
ఆయన వద్దనలేదు, నీళ్ళు ఎటు పోతాయో చెప్పాడు.

జూట్ మిల్లు లైన్లో అద్దెకుండే నసీమా
చంకలో పిల్లతో మైకందుకుంది.
"పదకొండేళ్ళల్లో ఏడిళ్ళు మారినాం సార్.
ప్రతి గోడ మీదా పెద్దదాని ఎత్తు గీత గీసినాను.
ఏ గోడా మాతో రాలేదు.
కట్టండి. బేగి కట్టండి.
ముప్పయ్యేళ్ళంటే నాకు అరవై నాలుగు."
వెనకనుంచి ఎవరో:
"నీకేటమ్మా, భూమి నేదు కాబట్టి."
"నేదు కాబట్టే అడగతన్నాను."
ఇద్దరి గొంతులూ ఒకే గదిలో పట్టవు.
అనుకూలం, అన్నాను పైకే, రాస్తూ.

ఎకరం రేటు దగ్గర గొడవ లేచింది.
సగంమంది టీకి వెళ్ళారు, కొందరు తిరిగిరాలేదు.
ఆ అరగంటా మినిట్స్‌లో ఒక వాక్యం:
పరిహారంపై చర్చ జరిగినది.

మేస్త్రీ కనకరాజు మాట్లాడనని మాట్లాడాడు.
"విశాపట్నంలో పద్నాలుగంతస్తులు ఎత్తినాం.
లిఫ్టు బిగించిన మర్నాడు
వాచ్‌మేన్ మమ్మల్ని గేటుకాడే ఆపీసినాడు.
ఇందులో కట్టినోడు ఏ రంగులో ఉంటాడో
అది సెప్పండి, సాలు."

ఆఖర్న మీసాల తవిటమ్మ.
మైకు ఎలా పట్టుకోవాలో తెలీక
చంటిపిల్ల చెయ్యిలా పట్టుకుంది.
"ఇన్నిళ్ళన్నారు, బడన్నారు, ఆస్పత్రన్నారు. మంచిదే.
ఉన్నోళ్ళు పోతారు కదా నాయినా.
వల్లకాడెక్కడెట్టినారు?"
ఎవరూ నవ్వలేదు.
ఇంజనీరు సూచికలో పైనుంచి కిందకి చదివాడు,
మళ్ళీ కిందనుంచి పైకి.
ఆ రంగు వెయ్యడం మర్చిపోయారు.

రాసేవాళ్ళకి అభిప్రాయం ఉండదు.
విజయనగరంలో మాదొక మేడమీది పోర్షను,
ఓనరుగారి భార్య మా బకెట్లు లెక్కపెడుతుంది.
పటం చుట్టేముందు
ఆరో సెక్టారు, నిమ్మపండు రంగు,
మూలమలుపు ప్లాటు మీద
పెన్ను ఒక్క క్షణం ఆనించాను.
చుక్క పడింది.
ఎవరూ చూడలేదు, నేను తుడవలేదు.

అనుకూలం నూటపన్నెండు,
ప్రతికూలం తొంభై ఏడు,
ఇతరములు డెబ్బై ఒకటి.
గడి చాలనందున పదిహేను పేజీలు జతచేయడమైనది.

సాయంత్రం ఆఖరి బస్సు
గెడ్డ దగ్గర నెమ్మదించింది.
చుక్క నీరు లేదు.
ఇసకలో సైకిలు చక్రాల గీతలు,
నలుగురు పిల్లలు, మూడు కర్రల వికెట్లు.
పాపం ఆ కుర్రాడు
వేసంగిలో వచ్చి కొలిచుంటాడు.