నీడ ఎటు పడ్డది

కొండమల్లేపల్లి చౌరస్తాల మూడు మెట్లెక్కితే నా స్టూడియో.
పాస్‌పోర్ట్ ఫోటోలు, లామినేషన్, ఆధార్ ప్రింట్లు.
పోయినేడు సంది ఇంకో పని మీద పడ్డది,
బోర్డు మీద రాయనిది:
దయ్యాలకు పంచాయితి చెప్పుడు.

పెట్రోలు బంకుల నైట్ డ్యూటీ పిల్లగాడు మొదలు తెచ్చిండు.
సీసీ కెమెరాల తెల్లగ ఒకటి
పంపు మీంచి పారాడుతది, మనిషంత, కాళ్లు లేవు.
ఆపి ఆపి మూడుసార్లు చూసిన.
పురుగు రా, అన్న. కెమెరా మూతి మీద సాలెపురుగు.
కంటికి కానరాని లైటు పడితే చీకట్ల
గింత పురుగు గంత మనిషైతది.
పోయి చీపురుతోని దులుపు.
దులిపిండు. దయ్యం పోయింది.
బంకు సేటు మాత్రం నాతోని మాట్లాడుడు బంద్ జేసిండు:
చూడొచ్చినోళ్లు పెట్రోలు గూడ పోయించుకుంటుండ్రట.

డిండి కట్ట మీద ఎగిరిన ఎర్రలైటు, పచ్చలైటు
పెండ్లిళ్ల డ్రోను. నడిపినోడు మా బామ్మర్దే.
ఆకాశంల పూసల దండోలె పోయినయి ఉపగ్రహాలు.
దేవరకొండ ఖిలా బురుజు మీద తెల్లచీర
ఎవడో తీరిక ఉన్నోడు అతికిచ్చింది;
వెన్నెల కుడి దిక్కుంటే
చీర మీది వెలుగు ఎడమ దిక్కుకెల్లి వస్తున్నది.

ఇదంత జహంగీర్ సాబ్ పెట్టిన భిక్ష,
ఎర్రబల్బు కింద, హైపో వాసనల.
"మొకం చూడకు బేటా, మొకం మాయ జేస్తది.
నీడ చూడు. దానికి అబద్ధమాడ రాదు."

అబద్ధమని నేను చెప్పినప్పుడల్లా
ఎదుటోని కండ్లల్ల ఏదో ఆరిపోతది.
పైసలు అడగబుద్ధి కాదు.

మొన్న బేస్తవారం చందంపేట బస్సు దిగి ఈదమ్మ వచ్చింది,
కొంగుల చుట్టుకున్న ఫ్రేముతోని.
బిడ్డ పెండ్లి ఫోటో.
వెనక వరుసల కొడుకు సైదులు, తెల్ల అంగీ,
జెర పక్కకు జరిగి నిలబడ్డడు.
పెండ్లికి ఏడాది ముందల
బోరు మోటరు కాడ షాకు కొట్టి పోయిండు.

నాకు యాదికొచ్చింది. నేనే నిలబెట్టిన.
అప్పుడే కంప్యూటర్ కొన్న రోజులు.
మొకం రేషన్ కార్డు ఫోటోలది,
మెడ కింద అంగీ ఎవరిదో, ఇప్పటికీ ఎరుక లేదు.
రెండు రాత్రుల పని, మూడు వందలు.

అందరి నీడలు కుడికి పడ్డయి. వానిది ఎడమకు.
ఊరోళ్లకు రోజూ వేలు పెట్టి చూపిస్తున్న తప్పే,
నా చేతిది.

"చెదలు పట్టింది, కొత్తగ తీసియ్యి" అన్నది.
నీడ గూడ సరిజేస్త అవ్వా, అన్న, నోరు జారి.
ఆమె అద్దం మీద ఏలు ఆడకే పెట్టింది, ఎతకకుండనే.
"ఎటు పడ్డదో నాకెరుక లేదా?
దుమ్ము తుడిసినప్పుడల్లా సూస్తనే ఉన్న.
గట్లనే ఉండనీ.
వాడు ఏనాడన్న సెప్పినట్టు ఇన్నడా?"

గామె మెట్లు దిగుతుంటె రమావత్ లచ్చు ఎక్కొచ్చిండు,
ఫోను ముందలికి చాపి.
పత్తి చేను మీద దీపమోలె ఒకటి,
పదకొండు సెకండ్లు. ఆగి, మల్ల కదిలింది.
డ్రోను కాదు. పురుగు కాదు.
పక్కన ఒక్క చెట్టున్నా ఎత్తు తెలుస్తుండె.
నీడ చూద్దామంటే నేలనే కానొస్తలేదు.

"అన్నా, నిజమా, అబద్ధమా?"

తెల్వది, అన్న.

గా ఒక్క మాటకు వాడు కుర్చీ గుంజుకొని కూసున్నడు,
ఇంట్ల మనిషోలె.
రేపు గదే టైముకు గదే చేన్ల నిలబడదాం లచ్చూ,
తుమ్మచెట్టు ఫోటోల పడే దిక్కుకు.
చార్జింగ్ నిండ పెట్టుకొని రా.