తేదీలు

హనుమకొండ చౌరస్తాల చీరల దుకాణం మాది, నాలుగంతస్తులు.
నేను పైన, ఏసీ అందని గదిల ఉంట.
సంతకానికి ముందటి పని నాది, టైపు.
సెలవు చీటీలు, జీతం పట్టీలు,
దసరాకు ఎన్ని మిఠాయి డబ్బలో ఆ లెక్క.
ఈ ఎండకాలం పోయినంక మాత్రం
ఒక్క పేరే కొట్టుకుంట కూసున్న:
జన్ను సులోచన, పట్టు కౌంటరు.

రోజుకు వందసార్లు అంటదామె, కూసోండమ్మా అని.
పెండ్లోళ్లు వస్తరు పరకాల నుంచి, నర్సంపేట నుంచి.
తెల్ల పరుపు మీద కాళ్లు జాపి
చల్లటివి తాగుకుంట
డెబ్బై చీరలు ఇప్పించి ఒకటి కొంటరు.
మిగిలిన అరవై తొమ్మిది ఆమె నిలబడే మడుస్తది.
పదకొండేండ్ల సంది,
పొద్దుగాల తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాక.
పిక్కల మీద నరాలు
ఆకుపచ్చ జరీ లెక్క లేచినయి.

జూన్ పదకొండున లేబర్ ఆఫీసుల కాయితం ఇచ్చింది.
కొనేటోళ్లు లేనప్పుడు కూసునేటందుకు
ఒక స్టూలు కావాలె అని.
అంతే. కింద పద్నాలుగు సంతకాలు.

పద్నాలుగున మెమో, ముఖం మీద నవ్వు లేదని.
పద్దెనిమిదిన, రెండు నిమిషాలు ఆలస్యమని.
ఆ రోజు కాజీపేట బ్రిడ్జి మీద అందరం ఆగినం,
మేనేజరు నా ఎనుకనే మెట్లెక్కిండు.
ఇరవై ఒకటిన, బాత్రూంల పదకొండు నిమిషాలు.
కెమెరా తలుపు బయట నిలబడి లెక్కవెట్టింది.
ఇరవై ఆరున, గద్వాల చీర ఒకటి తక్కువ.
బిల్లింగు ముందట ఆమె సంచి బోర్లిచ్చిన్రు.
సద్ది గిన్నె, బస్సు పాసు, సగం అయిపోయిన గోలీల షీటు.
మూడోనాడు దొరికింది చీర,
ముందటి అద్దంల బొమ్మకు కట్టి ఉన్నది.
దొరికిందని మెమో కొట్టుమని
నాకెవ్వరు చెప్పలే.

మేనేజరు చెప్తాంటే కొట్టుకుంట పోయిన.
క్రమశిక్షణ, సంస్థ గౌరవం, ఇదే చివరి హెచ్చరిక.
ఏ ఒక్క దాంట్ల స్టూలు అన్న మాట రానియ్యలే,
ఎంత జాగ్రత్త మనిషి!

తొమ్మిది మంది ఎనుకకు తగ్గిన్రు.
చదవకుండ సంతకం పెట్టినం అని
అదీ నేనే కొట్టిన, తొమ్మిదిసార్లు, పేర్లు మార్చుకుంట.
ఆఖరి పిల్ల శాయంపేటది,
కలం మూత మరిచి ఉరికినట్టే పోయింది.
పొద్దుమీకి చూస్తె, ఎవ్వరు చూస్తలేరనుకొని
సులోచన సంచిల బాము డబ్బ పెడుతాంది.

జూలై రెండున కరీంనగర్ బ్రాంచికి బదిలీ.
రోజూ పోనురాను నాలుగు గంటలు.
బస్సుల సీటు దొరుకుతది గదా, కూసుంటది తియ్యి
అన్నడు మేనేజరు, నవ్వి.
అది రాయకు అన్నడు.

ఆ రాత్రి కంప్యూటర్ల ఆమె పేరు ఎతికిన.
పదకొండేండ్లకు రెండు కాయితాలు,
రెండూ ఉత్తమ ఉద్యోగి అని.
ఇరవై ఒక్క రోజులకు ఐదు.
అబద్ధం ఆయన చెప్పిండు, నేను కొట్టిన.
తేదీ మాత్రం
మిషిను తనంతట తానే ఏసుకున్నది.

ఏడూ తీసి, మడతవెట్టి, అంగి లోపట పెట్టుకొని పోయిన.
లేబర్ ఆఫీసుల సర్కారు బెంచి, ఒక కాలు కింద ఇటుక.
అటెండరు తల ఎత్తి, కూసో అమ్మా అన్నడు.
సులోచన ఎనుకకు తిరిగి చూసింది,
ఎవరొచ్చిన్రా అని.

ఆఫీసరు కాయితాలు అటు ఇటు తిప్పి
పదిహేను రోజులకు రమ్మన్నడు.
గెలుస్తదో లేదో నాకు తెల్వది.
ఆయన మొదటి కాయితం, ఆఖరి కాయితం
పక్కపక్కన పెట్టి
కండ్లద్దాలు తుడుచుకున్నడు, అది చూసిన.

రేపో ఎల్లుండో నా పేరు మీద వస్తది మెమో.
బిల్లింగు పిలగాడు కొడుతడు కావచ్చు, కొత్తోడు.
ఓదెలు అంటే మొదటి అచ్చుకు దీర్ఘమురా
అని చెప్పి పెట్టాలె.
తేదీని ముట్టకు బిడ్డా అని సుత.