ఇరవయ్యో నిమిషం

ఉలాన్‌బాతర్‌లో ఆ రోజు సున్నాకి ఇరవై ఎనిమిది కింద.
షాపు తలుపు తెరుచుకున్నప్పుడల్లా
బొగ్గు పొగ కూడా బేరానికి వచ్చినట్టు లోపలికొచ్చేది.
ఆమె బేరానికి రాలేదు. తనిఖీకి వచ్చింది.

పేరు దులమ్‌సురెన్. ఇరవై ఆరేళ్లు ట్రాలీబస్సు నడిపి
పోయిన వసంతంలో దిగిపోయిందట.
మనవడి కోసమా అని అడిగాను. అదే నా మొదటి తప్పు.
"నాకే. లారీ తోలే ఆట. ఆల్ప్స్ కొండల్లో, రాత్రిపూట, వానలో.
మా అల్లుడి పాత కంప్యూటర్లో
వాన కూడా ఆగి ఆగి పడుతోంది."

సన్నదాన్ని ముందు చూపించాను, ఓనరు నేర్పిన వరుసలో.
వేలెడు మందం లేదు. చల్లటి లోహం.
కోటీ ముప్పై నాలుగు లక్షల తుగ్రికులు.
మా డబ్బుల్లో కోటి అంటే గుండె ఆగదు,
చెయ్యి ఒకసారి జేబు తడుముకుంటుంది, అంతే.
పక్కన లావుది. ఇటుకకి మూత పెట్టినట్టుంటుంది,
దాని చార్జరు ఇంకో ఇటుక. తొంభై ఎనిమిది లక్షలు.
రెండింటి పొట్టలోనూ ఒకే చిప్పు, ఒకే నంబరు,
ఒకే మెరుపు స్టిక్కరు.

"మరి ముప్పై ఆరు లక్షలు దేనికి?"
సన్నదనానికి, అన్నాను.
ఆమె చూసిన చూపుకి
టికెట్టు లేకుండా ఎక్కినవాణ్నయిపోయాను.
"ఎత్తు మీద దమ్ము నిలుస్తుందా?"

ఏడేళ్లుగా అమ్ముతున్నాను.
కీబోర్డు కింద రంగులెన్ని అని అడిగినవాళ్లున్నారు.
ఈ మాట ఎవరూ అడగలేదు.

రెండింటినీ ఒకే కొండదారి ఎక్కించాం.
ఐదో నిమిషంలో సన్నదే వెంట్రుకవాసి ముందు.
నేనే చేసినట్టు గర్వపడ్డాను.
ఆమె కుర్చీ లాక్కుని, ఫ్లాస్కులోంచి
ఉప్పేసిన పాల టీ పోసుకుంది. నాకూ పోసింది.
పన్నెండో నిమిషంలో ఫ్యాన్లు గొంతు సవరించుకున్నాయి.
రెండు అరచేతులూ చెరో దాని మీద ఆనించింది,
జ్వరం చూసే చెయ్యి కాదు,
మోటారు మూత మీద పెట్టే చెయ్యి.
ఇరవయ్యో నిమిషంలో సన్నది
ఎవరికీ చెప్పకుండా గేరు దించేసింది.
తొంభై అయిదు ఫ్రేములు అరవై రెండుకి జారాయి.
లావుది రొప్పుతోంది, అరుస్తోంది,
తొంభై దగ్గర్నుంచి కదలదు.

పేరు ఒకటే, లోపలికి పోనిచ్చే కరెంటు వేరు.
ఒకదానికి నూట నలభై వాట్లు, రెండోదానికి ఎనభై.
ఆ అంకె అట్టపెట్టె మీద వెతికినా దొరకదు.
పిండి కొద్దీ రొట్టె అంటారు గాని
ఇక్కడ పిండి పెరిగినకొద్దీ రొట్టె పలచనవుతోంది.

"దాన్నేం తిట్టకు," అంది ఆమె.
"సంచిలో వేసుకు తిరిగేవాళ్లకి అదే నయం.
నా తిరుగుడు అయిపోయింది. నాకు ఒక బల్ల చాలు."

లావుదానికి బిల్లు రాయబోతుంటే
మూలన ఉన్నదేమిటంది.
నిరుటిది. మూత మీద గీత. డెబ్బై ఒక్క లక్ష.
మళ్లీ ఇరవై నిమిషాలు. మళ్లీ టీ.
డెబ్బై ఎనిమిది ఫ్రేములు, ఎక్కినచోటే నిలబడ్డాయి.
కళ్లు మూసుకుని పెదాలు కదిపింది.
ప్రార్థన అనుకున్నాను. పెన్షను లెక్క.
"పన్నెండు ఫ్రేములకి ఇరవై ఏడు లక్షలు.
నా కళ్లు ఆ పన్నెండూ చూడవు బాబూ.
వానకి డెబ్బై ఎనిమిది చాలు."

నా కమీషను ఆ గీతలోకి జారిపోయింది.
అయినా చెప్పాల్సింది చెప్పాను:
చలిలోంచి తీసుకెళ్లగానే మూత తెరవద్దు,
లోపల చెమ్మ పడుతుంది, మూడు గంటలు ఆగాలి.
"గడ్డకట్టిన బండి తియ్యడం
నాకు నేర్పుతున్నావా," అని
దాన్ని తన గొర్రెతోలు కోటులోపల పెట్టుకుని
బొత్తాలు పెట్టుకుంది.

రాత్రి పదకొండింటికి ఫోను.
అవతల వాన, ఎక్కడా తెగకుండా.
"కొండ ఎక్కింది," అంది.
కాసేపటికి, "హారను మాత్రం దండగ."