సున్నపు వీధి కొలతలు

విజయనగరం కోటకి పడమటి వైపు
కందకం ఉండేదంటారు. ఇప్పుడు మురుక్కాలవ.
కాలవ దాటితే సున్నపు వీధి,
పదకొండు గడపలు, ఒక కుళాయి.
ఇంటిపన్ను కొలతలకి నన్ను పంపారు
చేతిలో టేపూ, చంకలో ఫారాల కట్టా ఇచ్చి.

మొదటి ఇంటికి మూడే గోడలు.
నాలుగోది కోటది.
దానికే మేకు కొట్టి చొక్కా తగిలించారు.
రాయి ఊడిన గూట్లో పళ్లపొడి, విరిగిన పలక,
పోయిన పండక్కి పెట్టిన పసుపు బొట్టు.
"ఈ గోడ ఎవరిదని రాయాలమ్మా?"
జమ్ము ఎర్నమ్మ చేట దించలేదు.
"మాదే రాసుకో బాబూ.
ఆల్లు రాజులు, కట్టించినారు.
మేం కట్టినాం."

కట్టించడానికీ కట్టడానికీ మధ్య
ఉన్న ఆ కాస్త అక్షరానికి
నా ఫారంలో గడి లేదు.

బియ్యంలో రాళ్లేరుతూ, వరసా వావీ లేకుండా చెప్పుకుపోయింది:
చెరువు బురదలో నత్తగుల్లలు ఏరిన గుంటలు,
బట్టీ సెగకి కనుబొమలు మళ్లీ మొలవని తాత,
గానుగ చుట్టూ తిరిగీ తిరిగీ
బండికి కట్టినా గుండ్రంగానే నడిచిన ఎద్దు.
సున్నంలోకి కరక్కాయ నీళ్లు, బెల్లం పాకం.
పాకంలో వేలు ముంచిన పిల్లకి
మేస్త్రీ చేతి బెత్తం.
"బెల్లం తిన్నాది గోడ. మేం కాదు."

కరువొచ్చిన ఏడు వాళ్ల ముత్తవ్వ
చీకటి పడ్డాక ఈ గోడని నాకిందట.
నాకు నవ్వొచ్చింది.
ఎర్నమ్మ వేలు చూపించింది.
రాయికీ రాయికీ మధ్య సందులో
చీమల బారు, పైదాకా.
"మరీటికి ఎవులు సెప్పినారు?"

రాత్రి నగారా మోగితే తలుపులు మూసేవారట.
లోపలివాళ్లు లోపల.
గోడ కట్టినవాళ్లు, నక్కలు, దండులు, గత్తర
అన్నీ బయట.
దిడ్డి తలుపు మాత్రం ఒక్క మనిషికి తెరిచేవారు,
ఆ ముత్తవ్వ కూతురు దాలమ్మకి. మంత్రసాని.
బొడ్డు కోసి, చేతులు కడుక్కుని,
తెల్లారకముందే వచ్చిన దారినే వెనక్కి.
కోటంతా చూశావా అని అడిగితే
ఒక దీపం, ఒక నులకమంచం చూశానందట.

పన్నెండో గడి: వీధి ఏర్పడిన సంవత్సరం.
అందరూ కోట పుట్టిన ఏడే వేస్తారు, నేనూ వేయబోయాను.
విజయదశమినాడు పునాది రాయి పడిందనీ
అయిదు విజయాలు కలిసొచ్చాయనీ
బడిలో చదువుకున్నవాణ్ణే కదా, పైకి చదివి వినిపించాను.
ఆమె మొదటిసారి చేట కింద పెట్టింది.
"దశిమినాడు రాయేసినారు. బాగుంది.
మరి నవిమినాటికే సున్నం నానాల గదా బాబూ?"

గది పొడవు కొలవాలి.
టేపు కొన తను పట్టుకుంది, సున్నా ఉన్న కొన,
బొటనవేలితో గోడకి నొక్కి.
"ఇక్కడినుంచేనా?"
"ఇక్కడినుంచే."
వదిలాక టేపు జర్రున నా చేతిలోకి చుట్టుకుంది,
సున్నా మీద సున్నంతో.

గడి ఖాళీగా పంపితే ఆఫీసు తిప్పి పంపింది.
రెండోసారి "నవమి" అని రాసి పంపాను.
అది ఇంకా తిరిగి రాలేదు.