కలుపు

చేయి చేయి కలుపుదాం.
ముప్పై ఏళ్లుగా ఈ మాట రాస్తున్నాను
ఆమదాలవలస నుంచి బూర్జ దాకా దొరికిన ప్రతి గోడ మీదా.
మూడు పార్టీలకి రాశాను,
పాల సొసైటీకి, సిమెంటు కంపెనీకి, పోలియో చుక్కలకి.
ఒకసారి, పంపకాల్లో విడిపోయి
ఎదురెదురుగా ఎరువుల కొట్లు పెట్టుకున్న అన్నదమ్ములకి,
ఇద్దరికీ ఒకే రోజు.
అడుగుకి ఇంత అని రేటు.
అర్థానికి వేరే డబ్బుల్లేవు.

నాకు అది అక్షరాలుగానే తెలుసు.
'చే'కి ఏత్వం పైకి లేస్తుంది, జాగా వదలాలి.
'యి'కి గుడి గుండ్రంగా రావాలి.
'లు' దగ్గర కొమ్ము తిప్పేటప్పుడు ఊపిరి బిగపట్టాలి.
'దాం' వచ్చేసరికి ఎప్పుడూ గోడ చాలదు,
సున్నాని తీసుకెళ్లి మూలకి ఇరికిస్తాను.

ఆ రోజు నారాయణపురం కాలవ పక్కన పంపుషెడ్డు.
గోడకి నిలువునా బీట,
సరిగ్గా మొదటి చేయికీ రెండో చేయికీ మధ్య.
'కలుపు' దాకా వచ్చాక నీలం అడుగంటింది.
డబ్బాలో కిరసనాయిలు పోసి
పుల్లతో కలుపుతున్నాను.

పదకొండు మంది ఆడాళ్లు గట్టు మీద ఆగారు.
ఆరులో బడి మానేసిన అసిరి
కూడబలుక్కుని చదివింది:
"చే... యి... చే... యి... కలుపు."
తవిటమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.
"సేతుల్లో కూడా కలుపు మొలిసిందేటి బావూ?
మడిలోదే పీకలేక సత్తన్నాం."

నిజమే, ఒకటే మాట.
పీకి గట్టు మీద పారేసేదీ అదే,
పట్టుకోమని గోడలెక్కి బతిమాలేదీ అదే.
ముప్పై ఏళ్లలో నాకెందుకు తట్టలేదో.

బుగత మోటారు సైకిలు దిగాడు.
"రెండొందల ఏభై. నిన్నటి రేటే. దిగండి."
ఎవరూ దిగలేదు.
గుండ్రంగా చతికిలబడి కూడబలుక్కున్నారు.
అసిరి చదివినట్టు కాదు.
అక్షరాలు లేవు అందులో,
సగం మాటలు, సగం కళ్లు.
నాకు వినపడిందల్లా ఇంతే:
"దాలమ్మొదిన రాత్రి నుండి కూడు తిన్నేదట."
"అయితే ముందల కూడు తిందుమా."

పది గిన్నెల మూతలు లేచాయి.
చద్ది, ఉల్లిపాయ, ఎండుచేప పొడి.
దాలమ్మ ఒళ్లో ఖాళీ గిన్నె.
అందులోకి పది చేతులు, చేతికో ముద్ద.
కూడు.
తినేదీ, కూడేదీ.
ఈ మాట రాసిపెట్టమని
నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు.

బుగత వాచీ చూసుకున్నాడు, ఫోను చూసుకున్నాడు.
"అవతల ఊరి నుంచి ఆటోలో తెప్పించుకుంటాను."
"తెప్పించుకో బావూ," దాలమ్మ మూతి తుడుచుకుంది,
"ఆలంతా మా ఆడబడుసులే.
సద్ది మిగిల్సి ఉంచుతాం."

పదిన్నరకి మూడొందలయింది.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
చీరలు ఎగ్గట్టి, ఒకే వరసలో వంగి,
కలుపు తీయడం మొదలెట్టారు.

నాకు 'దాం' మిగిలే ఉంది.
కంట్రాక్టరు ఫోటో పంపమన్నాడు కదా,
రాశాను, సున్నాని మూలకి ఇరికించాను.
బీటలో రంగు నిలవలేదు, రెండుసార్లు వేశాను.
కింద చిన్నక్షరాల్లో నా సంతకం:
త్రినాథ్ ఆర్ట్స్, ఆమదాలవలస.
ఆర్ట్స్ అని బహువచనం.
ఉన్నది నేనొక్కడినే.

మధ్యాహ్నం షెడ్డు నీడలో గోడవైపు తిరిగి
కారియరు విప్పుతుంటే
గట్టు మీంచి కేక:
"ఏటి బావూ, కూరేటి?"